మంద్రనాదము: మూడు కోరికలు, రెండు వరములు

సంగీతసభలో మంద్రస్వరము నేలవంటిది. నడచుచున్నంతసేపు నేలను గూర్చి యెవ్వరును తలపరు. అది కాలిక్రింద లేని క్షణముననే దాని విలువ తెలియును. తంబుర ఆగినచో గాయకుడు తడబడును. మృదంగము ఎడమవైపు మూగవోయినచో లయకు బరువు పోవును. ఇరువదవ శతాబ్దపు నడుమ అమెరికాలో పుట్టి, ఇపుడు మన సినిమా పాటలకును, పెండ్లి పందిళ్లలోని వాద్యబృందములకును, కళాశాలల వార్షికోత్సవ వేదికలకును చేరిన బేస్ గిటారు చేయు పనియు ఇట్టిదే. దాని నాలుగు తీగలు పాటకు పునాది వేయును. డ్రమ్ముల దెబ్బకును పాట వరుసకును నడుమ వారధి కట్టును.

అయితే ఈ వాద్యమునకు స్వంత గొంతు లేదు. వీణకు కుండ కలదు. వయొలినునకు బోలు పెట్టె కలదు. బేస్ గిటారు సాధారణముగా ఒక గట్టి చెక్కపలక. దాని తీగను ఊరక మీటినచో ప్రక్కనున్నవానికి కూడ సరిగా వినబడదు. గొంతు దానికి బయటినుండి రావలెను. ఆ గొంతునకు రెండు భాగములు. తీగ కంపనమును విద్యుద్రూపమున అందుకొని పెంచు ఆంప్లిఫయరు మొదటిది. పెరిగిన విద్యుత్తును మరల గాలి కదలికగా మార్చు స్పీకరు పెట్టె రెండవది. కచేరీకి వీనిని ఎన్నుకొనుటలో పొరపడిన వాదకుని వ్రేళ్ల నైపుణ్యమంతయు వేదిక దాటకుండనే ఇంకిపోవును. లేదా అది తోటివారి పాటను ముంచివేయును. ఆ యెన్నిక వెనుక దాగియున్నది వర్తకరహస్యము కాదు. ఉన్నత పాఠశాల విద్యార్థికి అందుబాటులో నుండు భౌతికశాస్త్రమే.

లోతునకు చెల్లించు మూల్యము

నాలుగు తీగల బేస్ గిటారులో మిక్కిలి లావైన తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. సాధారణ గిటారులో లావుతీగ 82 మారులు కంపించును. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణము చేయును. 343ను 41 చేత భాగించినచో తరంగదైర్ఘ్యము 8 మీటర్లకు పైగా తేలును. అనగా ఒక్క అల పొడవు పెద్ద తరగతి గది పొడవుతో సమానము. అంతటి అలను జానెడో మూరెడో వెడల్పుగల కాగితపు శంకువు పుట్టింపవలెను.

ఇచట ఒక కఠినమైన లెక్క ఎదురగును. ఒక స్పీకరు ఒక స్వరమును పలుకుచున్నదనుకొందము. అదే బిగ్గరతనముతో దానికి సరిగా ఒక స్థాయి క్రిందనున్న స్వరమును, అనగా సగము పౌనఃపున్యము గల స్వరమును పలుకవలెనన్నచో, శంకువు ముందు వెనుకలకు ఊగవలసిన దూరము రెండింతలు కాదు, నాలుగింతలు. రెండు స్థాయిలు దిగినచో పదునారింతలు. గిటారునకు చాలిన స్పీకరు బేసు క్రింద చిరిగిపోవుటకు కారణమిదే.

దీనికి తోడు మనుష్యుని చెవియు మంద్రస్వరముపట్ల పక్షపాతము చూపును. 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు ఈ విషయమును కొలిచి ప్రకటించిరి. మాటలు వినబడు మధ్యస్థాయి శబ్దములను చెవి ఇట్టే పట్టును. మంద్రశబ్దము అంతే బిగ్గరగా తోచవలెనన్న దానికంటె ఎన్నో రెట్లు హెచ్చు శక్తి కావలెను. అందుచేత 30 వాట్ల ఆంప్లిఫయరుతో గిటారు వాదకుడు డ్రమ్ములతో సరితూగగలుగుచుండగా, అతని ప్రక్కన నిలుచు బేస్ వాదకునకు 200, 300 వాట్లు కావలసివచ్చుచున్నవి. ఇది ఆడంబరము కాదు. లోతునకు ప్రకృతి విధించిన పన్ను.

పెట్టె ఎందులకు?

స్పీకరులో అయస్కాంతము నడుమ ఒక తీగచుట్ట, దానికి అంటుకొని ఒక శంకువు ఉండును. తీగచుట్టలో విద్యుత్తు పారినపుడు శంకువు ఊగును. శంకువు ముందునకు వచ్చినపుడు ముందుగాలి నొక్కబడును, వెనుకగాలి పలుచబడును. పెద్ద అలలు అడ్డంకులను సులువుగా చుట్టి రాగలవు. కావున మంద్రస్వరములలో ముందరి నొక్కుడు అంచుమీదుగా వెనుకకు జారును. రెండును ఒకదానినొకటి చెరుపుకొనును. బల్లమీద పెట్టి మ్రోగించిన బోడి స్పీకరు కీచుగా పలుకును గాని గంభీరముగా పలుకదు.

ముందును వెనుకను వేరుచేయు గోడయే పెట్టె. వీణకుండకును దీనికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. వీణకుండ తాను మ్రోగవలెను. స్పీకరు పెట్టె గోడలు మ్రోగరాదు. అందుచే వానిని దళసరి ప్లైవుడ్డుతో, లోపల అడ్డుకర్రలు బిగించి తయారుచేయుదురు. వ్రేలితో తట్టినపుడు బోలుగా పలుకు పెట్టె మంచి పెట్టె కాదు.

పెట్టెలు ముఖ్యముగా రెండు విధములు. పూర్తిగా మూసిన పెట్టెలో లోపలి గాలి స్ప్రింగువలె పనిచేసి శంకువును అదుపులో నుంచును. స్వరము బిగువుగా నుండి, క్రిందికి దిగిన కొలది మెల్లగా సన్నగిల్లును. రెండవది రంధ్రము గల పెట్టె. ఖాళీ సీసా మూతిమీద ఊది హోరు పుట్టించిన ప్రతి పిల్లవానికిని దీని సూత్రము తెలిసినదే. శంకువు వెనుక వృథాయగు శక్తి ఆ రంధ్రమునందలి గాలిని ఊపి, ఒకానొక మంద్రస్వరమునకు బలము చేకూర్చును. ఈ యుపాయమునకు 1932లో ఆల్బర్ట్ తురాస్ అమెరికాలో పేటెంటు పొందెను. పెట్టె ఎంత, రంధ్రమెంత, స్పీకరు ఎట్టిది అను మూడింటిని ఒకే లెక్కలో ఇమిడ్చిన ఘనత 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీలునకును, 1970లలో ఆ పనిని విస్తరించిన రిచర్డ్ స్మాలునకును దక్కినది. అంతకు ముందు పెట్టెల తయారీ చాలవరకు అనుభవముమీదనే సాగినది.

పెట్టెను గూర్చిన మూలసూత్రము ఒకటి కలదు. సుప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడును, స్పీకర్ల ఇంజనీరును అయిన ఆంటన్ హాఫ్‌మన్ దానిని చెప్పెను. వృత్తిలోనివారు దానిని ఉక్కు సూత్రమని పిలుతురు. స్పీకరు పెట్టెనుండి లోతు, బిగ్గరతనము, చిన్న పరిమాణము అను మూడింటిని కోరవచ్చును. రెండు మాత్రమే లభించును. లెక్కలో చెప్పవలెనన్న, దక్షత పెట్టె ఘనపరిమాణమునకును, అది పలుకగల అతి క్రింది పౌనఃపున్యపు ఘనమునకును అనులోమానుపాతమున నుండును. దక్షత తగ్గకుండ ఒక స్థాయి క్రిందికి దిగవలెనన్న పెట్టె ఎనిమిదింతలు కావలెను. పెట్టెను పెంచక దిగవలెనన్న దక్షత ఎనిమిదవ వంతునకు పడిపోవును. ఆ లోటును వాట్లతో పూడ్చుకొనవలెను.

మూడు కోరికలు, రెండు వరములు. బేస్ ఆంప్లిఫయర్ల చరిత్రయంతయు ఈ బేరమే.

మూడు పెట్టెల చరిత్ర

కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణములో రేడియోలు బాగుచేయు అంగడి నడిపిన లియో ఫెండర్, 1951లో ప్రెసిషన్ బేస్ అను వాద్యమును విపణికి తెచ్చెను. అంతకు మునుపు బృందములలో మంద్రస్వరమును పలికినది మనిషియెత్తు నిలువు బేసు. దానిని మోయుట ఎంత కష్టమో, ఇత్తడి వాద్యముల మోతలో దానిని వినుటయు అంత కష్టమే. క్రొత్త వాద్యమునకు గొంతుగా 1952లో ఫెండర్ సంస్థ బేస్‌మన్ అను ఆంప్లిఫయరును విడుదల చేసినది. మొదట అందు 15 అంగుళముల స్పీకరు ఒకటి యుండెను. కొన్నేండ్లకు 10 అంగుళముల స్పీకర్లు నాలుగు గల రూపము వచ్చినది. ఆ రూపమున పెట్టె వెనుకభాగము తెరచియుండెను. ఒక మనిషి మోయగల బరువు, మంచి బిగ్గరతనము అను రెండు వరములు దక్కినవి. వెనుకగోడ లేనందున లోతు నిలువలేదు. కాని గిటారు వాదకులు ఆ స్వరమును ఎంతో మెచ్చుకొనిరి. లండనులో వాద్యముల అంగడి నడుపుచుండిన జిమ్ మార్షల్ 1962లో తన మొదటి ఆంప్లిఫయరునకు ఆ బేస్‌మన్ విద్యుద్వలయమునే నమూనాగా గ్రహించెను. బేసు కొరకు పుట్టిన యంత్రము రాక్ గిటారు గొంతునకు మాతృక యైనది!

రెండవ కథ ఆంపెగ్ సంస్థది. ఎవరెట్ హల్ 1940లలో నిలువు బేసు పాదపు మేకులో మైకును అమర్చు ఉపాయము కనిపెట్టెను. ‘ఆంప్లిఫైడ్ పెగ్’ అను రెండు మాటల కుదింపే ఆ సంస్థ పేరు. 1960లో ఆ సంస్థకై జెస్ ఆలివర్ రూపొందించిన బి-15 అను యంత్రమునకు 15 అంగుళముల స్పీకరు ఒక్కటి, శక్తి 25 వాట్లు మాత్రమే. ఆంప్లిఫయరు పెట్టె మూతకు బిగింపబడియుండును. ప్రయాణమున మూతను తిరుగవేసి లోపల దాచవచ్చును. కచేరీలో మరల తిప్పి పైకి నిలుపవచ్చును. డిట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ పాటలకు ప్రాణము పోసిన బేస్ వాదకుడు జేమ్స్ జేమర్సన్ క్లబ్బులలో వాడినది ఇదియే. ఇచట లోతు, పరిమిత పరిమాణము అను రెండు వరములు లభించినవి, బిగ్గరతనము లభింపలేదు. చిన్న సభలో దానికి సాటి లేదు. పెద్ద సభలో అది చాలదు.

ఆ చాలమి 1960లలో బాగుగా బయటపడెను. 1965 ఆగష్టు 15న న్యూయార్కు నగరమున షే స్టేడియములో బీటిల్స్ బృందము పాడినపుడు 55,000 మందికి పైగా జనము కూడిరి. వేదికమీద ఉన్నవి నూరేసి వాట్ల ఆంప్లిఫయర్లు. పాట పోయినది ఆటలలో ప్రకటనలు చదువు స్టేడియపు లౌడ్‌స్పీకర్ల ద్వారా. జనుల కేకలలో వాదకులకు తమ వాద్యములే వినబడలేదు. చరిత్రలో నిలిచిన ఆ కచేరీ, వినికిడి దృష్టితో చూచినచో ఒక ఓటమి.

1969లో ఆంపెగ్ సంస్థ ఎస్.వి.టి. అను యంత్రమును తెచ్చినది. శక్తి 300 వాట్లు. లోపల 14 వాల్వులు. తోడుగా 10 అంగుళముల స్పీకర్లు ఎనిమిదేసి గల పెట్టెలు. ఆ సంవత్సరమే రోలింగ్ స్టోన్స్ బృందము అమెరికా పర్యటనలో దానిని వాడెను. బిగ్గరతనము దొరికినది, చాలినంత లోతు దొరికినది. చిన్నతనము మాత్రము పోయినది. ఎనిమిది స్పీకర్ల పెట్టె ఒక్కటే 60 కిలోలు దాటును. దానిని మెట్లమీద మోసిన వారి నడుములకు ఉక్కు సూత్రమును వేరుగా బోధింపనక్కరలేదు.

ఈ పెట్టెలో ఒక విశేషము కలదు. దాని ఇటీవలి రూపమునకు ప్రకటింపబడిన కొలతల ప్రకారము 58 కంపనముల దగ్గరనే స్వరము 3 డెసిబెళ్లు తగ్గి, 40 దగ్గరకు వచ్చుసరికి 10 డెసిబెళ్లు పడిపోవును. అయినను 41 కంపనముల తీగ దానిలో గంభీరముగానే తోచును. ఏలయన, తీగ మూలస్వరముతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలుగా అనుస్వరములను పలుకును. వానిని విన్న చెవి, తక్కువైన మూలస్వరమును తానే పూరించుకొనును. అరచేతిలో ఇమిడెడు ట్రాన్సిస్టరు రేడియోలో మృదంగపు గుంకి మనకు తెలియుట ఈ దయవలననే. కావున పెట్టెను ఎన్నుకొనువారు అతి క్రింది కంపనముల సంఖ్యను మాత్రమే చూచి మోసపోరాదు.

వాట్ల లెక్క

అంగడిలో అందరును మొదట అడుగు ప్రశ్న ‘ఎన్ని వాట్లు?’ అనునది. అది సగము ప్రశ్న మాత్రమే. శక్తిని రెండింతలు చేసినచో శబ్దము 3 డెసిబెళ్లే పెరుగును. చెవికి అది కొద్దిపాటి మార్పు. శబ్దము రెండింతలు బిగ్గరగా తోచవలెనన్న సుమారు 10 డెసిబెళ్లు, అనగా పదింతల శక్తి కావలెను. 100 వాట్ల ఆంప్లిఫయరును విడిచి 200 వాట్లది కొనినవాడు డబ్బు రెండింతలు పోసినను కచేరీ రెండింతలు వినబడదు.

ప్రశ్నలోని రెండవ సగము స్పీకరు సూక్ష్మగ్రాహ్యత. ఒక్క వాటు ఇచ్చి, ఒక్క మీటరు దూరమున కొలిచిన డెసిబెళ్లు ఇవి. ఒక పెట్టె 94, మరియొకటి 100 అనుకొందము. భేదము 6 డెసిబెళ్లు, అనగా శక్తిలో నాలుగింతలు. మొదటి పెట్టెకు 300 వాట్లు ఇచ్చి సాధించునది రెండవ పెట్టె 75 వాట్లతో సాధించును. అదే విధమైన రెండవ పెట్టెను జతచేసి, దానికి తగిన శక్తిని కూడ ఇచ్చినచో 6 డెసిబెళ్ల వరకు లాభము వచ్చును. కావున బేసు చాలనపుడు ఆంప్లిఫయరును మార్చుటకంటె పెట్టెను చేర్చుట తరచుగా మంచి యుపాయము.

శంకువుల కొలతలను గూర్చియు ఒక వాడుక మాట కలదు: 15 అంగుళములది లోతు పలుకును, 10 అంగుళములది చురుకుగా పలుకును అని. ఇది పూర్తి సత్యము కాదు. వైశాల్యము వ్యాసపు వర్గముననుసరించి యుండును గదా! 15 అంగుళముల స్పీకరు ఒక్కదానికి 225 పాళ్లయినచో, 12 అంగుళములవి రెండింటికి 288, 10 అంగుళములవి నాలుగింటికి 400 పాళ్లు. గాలిని నెట్టు వైశాల్యము నాలుగు చిన్న స్పీకర్లకే హెచ్చు. లోతును నిర్ణయించునది ఒక్క వ్యాసము కాదు. శంకువు ఎంత దూరము ఊగగలదో, పెట్టె ఎంతటిదో కూడ చూడవలెను.

స్పీకరుమీద వ్రాసిన వాట్లకును ఒక హద్దు కలదు. అది చాలవరకు తీగచుట్ట వేడిని ఎంత ఓర్చునో చెప్పును. మంద్రస్వరములలో ఆ వేడికి ముందే శంకువు ఊగుడు హద్దు దాటవచ్చును. టపటప శబ్దము వినవచ్చినచో అది హెచ్చరిక. వెంటనే శబ్దమును తగ్గింపవలెను. 30 కంపనములకు దిగువనున్న పనికిరాని కదలికను వడపోయు సాధనము నేటి ఆంప్లిఫయర్లలో కొన్నింట గలదు. అది స్పీకరు ఆయుస్సును పెంచును.

సభనుబట్టి ఎన్నిక

చిన్న గదిలో, డ్రమ్ములు లేని గోష్ఠికి 50 మొదలు 100 వాట్లు, 10 లేక 12 అంగుళముల స్పీకరు ఒక్కటి చాలును. డ్రమ్ములు చేరిన బృందము నూరు, రెండు వందల మంది కూర్చుండు సభలో వాయించునపుడు 300 మొదలు 500 వాట్లు, 12 అంగుళములవి రెండు లేక 10 అంగుళములవి నాలుగు గల పెట్టె తగును. ఇంతకు మించిన సభలలో, ఆరుబయట మైదానములలో, స్వంత ఆంప్లిఫయరుతోనే జనులందరికి వినిపింపవలెనను పంతము పనికిరాదు. గోడలు, కప్పు లేని చోట మంద్రస్వరము తిరిగిరాక వెలుపలికి పోవును. అచట వాద్యపు విద్యుత్సంకేతమును డి.ఐ. అను చిన్న పెట్టె ద్వారా సభ శబ్దయంత్రములకు అందింపవలెను. అపుడు వేదికమీది ఆంప్లిఫయరు వాదకునకును, ప్రక్కవారికిని వినబడుటకే. షే స్టేడియము నేర్పిన పాఠము నేడిట్లు ఆచరణలోనికి వచ్చినది. జనులకు వినిపించు బాధ్యత ఒకదానిది. వాదకునకు వినిపించు బాధ్యత మరియొకదానిది.

బరువు విషయమున కాలము కొంత కరుణించినది. వాల్వుల యంత్రమునకు పెద్ద ఇనుప ట్రాన్స్‌ఫార్మర్లు తప్పవు. దాని స్వరము హద్దు మీరినపుడు కూడ మెత్తగా చెదరును గనుక నేటికిని దానిని ప్రేమించువారు కలరు. ఆ వెనుక ట్రాన్సిస్టర్లు వచ్చినవి. ఇపుడు డి తరగతి ఆంప్లిఫయర్లలో ట్రాన్సిస్టరు సెకనుకు లక్షల మారులు పూర్తిగా తెరచుకొనుచు మూసికొనుచు పనిచేయును. వేడిగా వృథాయగు శక్తి స్వల్పము. 500 వాట్ల యంత్రము రెండు మూడు కిలోల బరువున లభించుచున్నది. 1980ల ప్రారంభమున జపాను, అమెరికా దేశములలో కనుగొన్న నియోడిమియము అయస్కాంతముల చేత స్పీకర్లును తేలికయైనవి. అయినను ఉక్కు సూత్రము రద్దు కాలేదు. బరువు తగ్గినది గాని లోతునకు కావలసిన గాలి తగ్గలేదు.

విదేశమునుండి ఆంప్లిఫయరు తెప్పించుకొనువారు ఒక సంగతి మరువరాదు. అమెరికాలో గోడ విద్యుత్తు 120 వోల్టులు. మన దేశమున 230. రెండింటికిని సరిపడునది కానిచో, తగిన ట్రాన్స్‌ఫార్మరు లేకుండ మీట వేసిన క్షణముననే యంత్రము కాలిపోవచ్చును.

ఓముల లెక్క

పెట్టెలను కలుపునపుడు తరగతి గదిలో నేర్చిన సమాంతర సంధానమే పనికివచ్చును. 8 ఓముల పెట్టెలు రెండు కలిపినచో 4 ఓములు. 4 ఓములవి రెండు కలిపినచో 2 ఓములు. ఓములు తగ్గిన కొలది ఆంప్లిఫయరునుండి విద్యుత్తు హెచ్చుగా పారును. 4 ఓములకు తక్కువ పనికిరాదని వ్రాసియున్న యంత్రమునకు 2 ఓముల భారము తగిలించుట దానిని కాల్చుకొనుటయే. కావున మునుముందు రెండవ పెట్టె కొనదలచినవారు మొదటనే 8 ఓములది కొనుట వివేకము.

ట్రాన్సిస్టరు యంత్రము స్పీకరు తగిలింపకున్నను సాధారణముగా చెడదు. వాల్వు యంత్రము విషయము వేరు. స్పీకరు లేకుండ దానిని వాయించినచో ట్రాన్స్‌ఫార్మరు చెడిపోవు ప్రమాదము కలదు. స్పీకరును కలుపు తీగయు వేరు. గిటారునుండి ఆంప్లిఫయరుకు పోవు తీగ సన్ననిది. పైన జల్లెడవంటి తొడుగు గలది. సంకేతమును కాపాడుటకు ఏర్పడినది. స్పీకరు తీగ లావుగా నుండి విద్యుత్ప్రవాహమును మోయవలెను. రెండింటి కొనలు ఒకే తీరుగా నుండిన రోజులలో ఒకదానికి బదులు మరియొకటి పెట్టి యంత్రములను చెడగొట్టుకొనిన వారు అనేకులు. తిప్పి బిగించు స్పీకాన్ కొనలు వచ్చిన తరువాత ఆ ప్రమాదము తగ్గినది.

వేదికమీద

మంచి యంత్రము చెడ్డచోట పెట్టినచో చెడ్డగనే పలుకును. గోడమూలను పెట్టిన పెట్టె మంద్రము ఉబ్బి హోరెత్తును. గోడకు ఒక మీటరు ముందు పెట్టినచో, గోడనుండి తిరిగివచ్చిన అల రెండు మీటర్లు హెచ్చుగా నడచి, 86 కంపనముల దగ్గర సగము అల వెనుకబడి, ఎదురుగా పోవు స్వరమును తగ్గించును. ఆ ప్రాంతపు స్వరములు మాయమగుచున్నవని తోచినపుడు పెట్టెను గోడకు దగ్గరగా జరుపుట మేలు. రెండు పెట్టెలున్నచో ప్రక్కప్రక్కన కాక ఒకదానిపై నొకటి నిలుపవలెను. అపుడు పైస్వరములు సభ అంచులవరకు సమముగా వ్యాపించును. పై పెట్టె వాదకుని చెవికి సమీపమగును. నేలమీది చిన్న పెట్టె మోకాళ్లకు పాడును. చెవికి వినబడలేదని వాదకుడు దానిని పెంచును. ముందు వరుస శ్రోతలు బాధపడుదురు. పెట్టెను కొంచెము వెనుకకు వాల్చినచో ఈ చిక్కు తీరును.

ఇంటిలో ఒంటరిగా మీటినపుడు కమ్మగా నుండు స్వరము బృందములో కనబడకపోవుట సర్వసాధారణము. ఒంటరితనమున అందరును మంద్రమును పెంచి మధ్యమమును తగ్గింతురు. బృందములో క్రింది భాగమును డ్రమ్ము ఆక్రమించును, పై భాగమును గిటారులు ఆక్రమించును. బేసు గుర్తుపట్టుటకు వీలగునది మధ్యస్థాయి అనుస్వరములచేతనే. అందుచే కచేరీలో మంద్రమును కొంచెము తగ్గించి, మధ్యమును కొంచెము పెంచిన వాని స్వరమే స్పష్టముగా వినబడును, వాట్లును ఆదాయగును.

ప్రాణముతో ముడిపడిన విషయము ఎర్తింగు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీ నగరమున లెస్లీ హార్వీ అను గిటారు వాదకుడు సరిగా ఎర్తు కాని మైకును వేదికమీద తాకి విద్యుదాఘాతముచే మరణించెను. ఒక చేత తీగలు, పెదవిదగ్గర మైకు. రెండింటికిని వేరువేరు విద్యున్మార్గములున్నపుడు మనిషి దేహమే వంతెన యగును. తాత్కాలికముగా వేసిన పందిళ్లలో, జనరేటరు విద్యుత్తుతో జరుగు సభలలో ఇది మిక్కిలి జాగ్రత్త వహింపవలసిన చోటు. హోరు పోగొట్టుటకని ప్లగ్గునందలి ఎర్తు పుల్లను తీసివేయువాడు తన ప్రాణమును పందెము కాయుచున్నాడు.

చెవులును తిరిగిరాని సొత్తే. 85 డెసిబెళ్ల శబ్దమును దినమునకు ఎనిమిది గంటలకు మించి వినరాదనియు, ప్రతి 3 డెసిబెళ్ల పెంపునకు ఆ కాలము సగమగుననియు అమెరికాలోని వృత్తిసంబంధమైన ఆరోగ్యపరిశోధన సంస్థ సూచించినది. ఆ లెక్కను సాగించినచో 100 డెసిబెళ్లకు మిగులు వ్యవధి పావుగంట. రాక్ కచేరీ వేదిక ఆ మట్టమును సులువుగా దాటును. చెవిలో పెట్టుకొను చిన్న బిరడాల వెల ఏ ఆంప్లిఫయరు వెలలోను లెక్కకు రానంత స్వల్పము.

ఎన్ని సంఖ్యలు నేర్చినను తుదకు అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ సభకు మూడింటిలో ఏ రెండు కావలెను? నెలకొకమారు చిన్న హాలులో వాయించు విద్యార్థి బిగ్గరతనమును వదలుకొనవచ్చును. వారమునకు మూడు ఊళ్లు తిరుగు వాద్యబృందము లోతులో కొంత విడిచి, నడుమును కాపాడుకొనవచ్చును. శాశ్వతవేదిక గలవారు బరువైన పెద్ద పెట్టెను తెచ్చి దించి, దానిని కదలింపకుండ ఉంచుకొనవచ్చును. మూడింటిని ఇత్తునని చెప్పు ప్రకటన నమ్మదగినది కాదు. తన రెండు వరములను తెలిసి కోరుకొనిన వాదకుని స్వరమును శ్రోతలు ప్రత్యేకముగా గుర్తింపకపోవచ్చును. వారి కాళ్లు మాత్రము తాళము తప్పవు. గాయకుడు శ్రుతి తప్పడు. నేల తన పని చేయుచున్నదనుటకు అంతకంటె సాక్ష్యము అక్కరలేదు.